తొలి ప్రోగ్రాముకు ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్యే ఎందుకు?

మా అక్క కూతురు పోయిన ఏడాది అమీర్‌పేటలో పైథాన్ బ్యాచ్‌లో చేరింది. పదిహేను రోజులు తిరగకముందే మానేస్తానంటూ మా ఇంటికి వచ్చింది. ఇంటర్‌లో సీఈసీ, ఆ తర్వాత బీకాం చదివిన అమ్మాయి. నోటుబుక్కు నా ముందు పెట్టి, "మామయ్యా, ఇది నాకొచ్చే పని కాదు. పదో తరగతితోనే లెక్కలు వదిలేశాను కదా" అంది. ఆ మాటలో దిగులు లేదు. ఎప్పుడో తేలిపోయిన సంగతిని ఇంకోసారి చెబుతున్నట్టు అంది. నన్ను బాధపెట్టింది అదే.

నోటుబుక్కు తెరిచి చూశాను. మొదటి పేజీలో పలకరింపు అచ్చువేసే ప్రోగ్రాము, రెండో పేజీలో సరి సంఖ్య, బేసి సంఖ్య. మూడో పేజీ నుంచి వరసగా ప్రధాన సంఖ్య, ఫాక్టోరియల్, ఫిబొనాచీ శ్రేణి, ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్య, పర్‌ఫెక్ట్ నంబరు, స్ట్రాంగ్ నంబరు, గసాభా, కసాగు. నేను ఇంజనీరింగ్ చదివిన రోజుల్లో నా ల్యాబ్ రికార్డులో ఉన్న వరస కూడా దాదాపు ఇదే. అప్పుడు సీ భాష ఉండేది, తర్వాత జావా వచ్చింది, ఇప్పుడు పైథాన్ నడుస్తోంది. భాష మారిన ప్రతిసారీ ఈ జాబితా మాత్రం చెక్కుచెదరకుండా కొత్త నోటుబుక్కులోకి ఎక్కుతూనే ఉంది.

ఆరేళ్ళుగా ఆదివారం ఉదయాలు చిక్కడపల్లి గ్రంథాలయానికి దగ్గర్లో ఒక గదిలో డిగ్రీ పిల్లలకు ప్రోగ్రామింగ్ చెబుతున్నాను. ఆ జాబితాను నేనూ వాడాను. లెక్కల అభ్యాసాలు కొత్తవాళ్ళకు నిజంగా మేలు చేస్తాయా అన్న ప్రశ్న ఈ నోటుబుక్కు చూసేదాకా నన్ను గట్టిగా పట్టుకోలేదు. ఇప్పుడు నా అభిప్రాయం ఇది: కాగితం మీద తడుముకోకుండా చేయగలిగిన లెక్క ఇస్తే విద్యార్థి బుద్ధి అంతా ప్రోగ్రాము మీద నిలుస్తుంది, కనుక అది మంచి అభ్యాసం. ఆ లెక్కే కొత్తదైతే మాత్రం అది ప్రోగ్రామింగ్ నేర్పదు సరికదా, తాను ఎక్కడ తప్పాడో విద్యార్థికి కనబడకుండా చేస్తుంది. ఈ అభిప్రాయం మీద నాకున్న సందేహాలు కూడా తక్కువేమీ కాదు, వాటినీ ఇక్కడే రాస్తాను.

తప్పు ఎక్కడుంది

ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్య పేజీలో, మార్జిన్‌లో 1 + 125 + 27 = 153 అని పెన్సిలుతో రాసుకుంది. అంకెల ఘనాలు కలిపితే మళ్ళీ అదే సంఖ్య రావాలన్న సంగతి ఆమెకు అర్థమైందనడానికి అదే సాక్ష్యం. ప్రోగ్రాము మాత్రం 153 ఇచ్చినా, 370 ఇచ్చినా, 407 ఇచ్చినా కాదనే చెబుతోంది. ఒక్కొక్క వరుసా చదివాను. సంఖ్యను పదితో భాగించి శేషం తీసుకోవడం, దాని ఘనాన్ని మొత్తానికి కలపడం, చివరి అంకెను వదిలించుకోవడం, సున్నా అయ్యేదాకా ఇదే మళ్ళీ మళ్ళీ చేయడం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివర్లో ఆ మొత్తాన్ని మొదట ఇచ్చిన సంఖ్యతో పోల్చాలి. కానీ అప్పటికే అంకెలన్నీ రాలిపోయి సున్నాగా మిగిలిన చరరాశితో పోల్చింది. మొదట్లోనే ఆ సంఖ్యను మరో పేరుతో పక్కన పెట్టుకోవాలని ఆమెకు తట్టలేదు.

దీన్ని లెక్కల్లో తప్పు అనలేం. బీజగణితంలో ఒక అక్షరానికి విలువ ఇచ్చామంటే లెక్క ముగిసేదాకా అదే విలువ. ప్రోగ్రాములో ఒక పేరు వెనుక ఉన్న విలువ ఒక వరుసకూ ఇంకో వరుసకూ మధ్య మారిపోవచ్చు. కొత్తవాళ్ళు ముందుగా జీర్ణించుకోవాల్సిన విషయం ఇది, దీనికి లెక్కల పరిచయం పెద్దగా తోడ్పడదు. ఒక్కోసారి అడ్డు వస్తుంది కూడా. మా తరగతిలో బోర్డు మీద "ఎక్స్ ఈజ్ ఈక్వల్ టు ఎక్స్ ప్లస్ ఒకటి" అని రాసిన రోజున, అలా ఎన్నటికీ కుదరదని చేయి ఎత్తింది ఎంపీసీలో మంచి మార్కులు తెచ్చుకున్న కుర్రాడే. అతడి అభ్యంతరం న్యాయమైనదే. అతడు నేర్చుకున్న గణితం ప్రకారం దానికి సాధన లేదు.

ఆ అమ్మాయికి తెలియనిది చరరాశి విలువ మారుతుందన్న ఒక్క ముక్క. దాన్ని పది నిమిషాల్లో కాగితం మీద మూడు గడులు గీసి చూపించవచ్చు, చూపించాను కూడా. కానీ ఆమె తనకు తాను చెప్పుకున్నది అది కాదు. ఆ పేజీ నిండా ఘనాలూ శేషాలూ కనబడుతుంటే, తప్పు తన లెక్కల్లోనే ఉందని తీర్మానించుకుంది. పదో తరగతి నాటి భయం ఒకటి లోపల సిద్ధంగా ఉన్నప్పుడు మనిషి తప్పును వెతకడు, ఆ భయానికే అప్పగించేస్తాడు. ఇలా ఎంతమంది బీఏ, బీకాం పిల్లలు కోచింగ్ సెంటర్లున్న మైత్రీవనం మెట్లు దిగి వెనక్కి వెళ్ళిపోయి ఉంటారోనని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను.

చీటీ నోటుబుక్కు

మా అక్కావాళ్ళ అపార్ట్‌మెంటులో ఆడవాళ్ళు ఇరవై మంది కలిసి చీటీ వేసుకుంటారు. నెలకు 5,000 చొప్పున లక్ష రూపాయల చీటీ. ఆ లెక్కలన్నీ పొడుగు నోటుబుక్కులో రాసేది ఈ అమ్మాయే. రెండో నెల నుంచి పాట ఉంటుంది. ఎవరైనా 22,000 వదులుకుని పాడుకుంటే వాళ్ళ చేతికి 78,000 వస్తుంది. వదులుకున్న సొమ్మును ఇరవై మందికీ పంచితే తలకు 1,100 పడుతుంది, కనుక ఆ నెల ఒక్కొక్కరు కట్టాల్సింది 3,900. ఈ లెక్క ఆమె ఫోను తీయకుండా నోటితో చెబుతుంది.

చీటీ అంటే ఏమిటో ఎన్నడూ వినని మనిషికి అర్థమయ్యేలా, ఒక నెల కట్టుబడి ఎంతో తేల్చే పద్ధతిని వరుసగా రాయమన్నాను. తొమ్మిది వరుసలు రాసింది. రాశాక తానే చదువుకుని, "మొదటి నెల పాట ఉండదు మామయ్యా, అది చీటీ నడిపేవాళ్ళది" అని ఒక వరుస చేర్చింది. కాసేపటికి, "చివరి నెలా పాట ఉండదు, ఒక్కరే మిగులుతారు కదా" అని ఇంకొకటి చేర్చింది. ఇద్దరు ఒకే మొత్తానికి పాడితే ఏం చేస్తారని అడిగితే, పేర్లు రాసి చీట్లు తీస్తామంది. ఆ తర్వాత ఆ వరుసల్ని పైథాన్‌లో రాయడానికి గంటన్నర పట్టింది. లూపు, అంటే ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించేది, వచ్చింది, మూడు కండిషన్లు వచ్చాయి, ప్రతి నెలా మారే విలువలూ మారకూడని విలువలూ వచ్చాయి. మొన్న ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గర చేసిన తప్పే ఇక్కడా ఒకసారి చేసింది: ఐదు వేల నుంచి తగ్గించిన మొత్తాన్ని ఐదు వేలు ఉండాల్సిన చోటే పెట్టేసింది. మూడో నెలలో కట్టుబడి మరీ తగ్గిపోయి కనబడగానే, నేను నోరు తెరవకముందే, "అయ్యో, అసలు వాయిదాను పోగొట్టేశాను" అని దిద్దుకుంది.

రెండు చోట్లా తప్పు ఒకటే. ఒక చోట ఆమెకు కనబడలేదు, రెండో చోట కనబడింది. వచ్చిన జవాబు సరైనదో కాదో చెప్పగలిగే అనుభవం రెండో చోట ఆమెకు ఉంది. నా అభిప్రాయానికి ఇంతకంటే బలమైన ఆధారం నా దగ్గర లేదు.

చీటీ కూడా లెక్కే కదా అని మీరు అడగవచ్చు. లెక్కే. తీసివేత ఉంది, భాగహారం ఉంది. అందుకే నేను లెక్కలు వద్దని అనడం లేదు. పిల్లలు రోజూ చేతులతో చేసే లెక్కను వదిలి, అంతకుముందు ఎన్నడూ వినని సంఖ్యల జాతుల్ని మొదటి వారంలోనే ఎందుకు తెచ్చిపెడుతున్నామన్నదే నా ప్రశ్న.

లెక్కల పక్షాన

ఇదంతా అమీర్‌పేటలో పన్నెండేళ్ళుగా పాఠాలు చెబుతున్న ఒక స్నేహితుడి ముందు పెట్టాను. ఆయన అన్నది నాకు ఇప్పటికీ తేలిగ్గా కొట్టిపారేయగలిగిన మాట కాదు. "నా ముందు అరవై మంది కూర్చుంటారు. చీటీ ఒకరికి తెలుస్తుంది, ఇంకొకరికి తెలియదు. ప్రధాన సంఖ్య అంటే ఆదిలాబాద్ వాడికీ శ్రీకాకుళం వాడికీ ఒకటే. ఒక్క వాక్యంలో ప్రశ్న చెప్పొచ్చు, ఒక్క చూపులో జవాబు సరిచూడొచ్చు. కోర్సుకు నలభై ఐదు రోజులే ఉన్నాయి" అన్నారు. ఆ తర్వాతి ఆదివారమే ఆయన మాట నిజమైంది. మా తరగతిలో చీటీ లెక్క ఇస్తే, హాస్టల్లో ఉండే ఒక కుర్రాడు, "సార్, మా ఇంట్లో ఎవరూ చీటీలు కట్టలేదు" అన్నాడు. అందరికీ తెలుసనుకున్న ఇంటి ఉదాహరణ కూడా కొందరిని గుమ్మం బయటే నిలబెడుతుందని ఆ రోజు అర్థమైంది. అప్పటి నుంచి ఎవరి లెక్క వాళ్ళనే తెచ్చుకోమంటున్నాను. అతడు మెస్ బిల్లు తెచ్చాడు, ఇంకొకరు కిరాణా కొట్టు ఖాతా తెచ్చారు. ఇది పదిహేను మంది ఉన్న గదిలో సాధ్యం. అరవై మంది ఉన్న చోట ఎలాగో నాకు ఇంకా దారి దొరకలేదు.

లెక్కల అభ్యాసం అద్భుతంగా పనిచేసిన సందర్భం కూడా చూశాను. బడిలో గసాభా కనుక్కోవడానికి భాగహార పద్ధతి నేర్పుతారు. 1071ని 462తో భాగిస్తే శేషం 147, 462ను 147తో భాగిస్తే శేషం 21, 147ను 21తో భాగిస్తే శేషం సున్నా, కనుక గసాభా 21. యూక్లిడ్ కాలం నుంచి ఉన్న ఈ పద్ధతిని బోర్డు మీద చేయించి, ప్రతి మెట్టులో ఏది ఏ స్థానంలోకి జరిగిందో బాణాలు గీయించిన రోజున, అప్పటిదాకా లూపు అర్థంకాని నలుగురికి ఒకేసారి అర్థమైంది. ఆ నలుగురికీ ఈ పద్ధతి చిన్నప్పటి నుంచి చేతికి వచ్చినదే. తెలిసిన లెక్క కనుకే అది అలా పనిచేసిందని నేను అనుకుంటున్నాను.

నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది ఫాక్టోరియల్, అంటే ఒకటి నుంచి ఇచ్చిన సంఖ్య దాకా అన్నిటినీ గుణించడం. సీ భాషలో మామూలు పూర్ణాంకంతో రాసిన ఫాక్టోరియల్ ప్రోగ్రాము 12 వరకు సరిగ్గానే చెబుతుంది: 47,90,01,600. 13 ఇస్తే 193,20,53,504 అని చూపిస్తుంది. ఒక విద్యార్థి తన కాలేజీ రికార్డులో ఈ జవాబునే అందంగా రాసి, సంతకం పెట్టించుకుని, మార్కులు కూడా తెచ్చుకున్నాడు. దాన్ని మా తరగతిలో చూపించి, ఎవరికైనా అనుమానం వచ్చిందా అని అడిగాను. బీఎస్సీ గణితం చదివే అమ్మాయి కాసేపు చూసి, "సార్, పదమూడు దాకా గుణిస్తే అందులో పది కూడా ఉంటుంది కదా. చివర సున్నా లేకుండా ఎలా వస్తుంది?" అంది. సరైన జవాబు 622,70,20,800. మామూలు పూర్ణాంకానికి కంప్యూటరు ఇచ్చే ముప్పై రెండు బిట్ల చోటులో పట్టనంత పెద్దది కావడంతో, 429,49,67,296 జారిపోయి మిగిలినదే తెర మీద కనబడింది.

ఆ ప్రోగ్రాము రాయడానికి గణితం అక్కరలేదు, అందరూ రాశారు. దాన్ని అనుమానించడానికి గణితం కావలసి వచ్చింది. గణితం నేర్చిన బుద్ధి ప్రోగ్రామర్‌కు చేసే మేలు ఇదేనని నాకు అనిపిస్తోంది: వచ్చిన జవాబును నమ్మే ముందు ఒకసారి కొలిచి చూడటం. కానీ మన జాబితాలోని అభ్యాసాలు ఆ పని అడగవు. ఫాక్టోరియల్‌కు ప్రోగ్రాము రాయమంటాయి గాని, ఈ ప్రోగ్రాము ఏ సంఖ్య దగ్గర అబద్ధం చెబుతుందో కనిపెట్టమని ఒక్కటీ అడగదు. అలా అడిగితే అదే ఫాక్టోరియల్ మంచి అభ్యాసం అవుతుంది, ఈ మాటను ఇప్పుడు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను.

రెండు పరిశోధనలు

2020లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు, 36 మందికి పైథాన్ నేర్పి, ఎవరు ఎలా నేర్చుకున్నారో పరిశీలించారు. వారి మధ్య కనబడిన తేడాల్లో, కొత్త భాషలు పట్టుకునే నేర్పు 17 శాతాన్ని వివరిస్తే, సంఖ్యా పరిజ్ఞానం వివరించింది 2 శాతమే. అన్నిటికంటే ఎక్కువగా, 34 శాతం, లెక్కకు వచ్చినవి తర్కశక్తీ, ఏకకాలంలో విషయాల్ని మనసులో నిలుపుకునే శక్తీ. ఈ ఫలితం చూసి మొదట నేను చాలా సంబరపడ్డాను. అయితే 36 మంది అంటే చిన్న గుంపు. అదే ఏడాది ఎంఐటీ పరిశోధకులు, కోడ్ చదవడం అప్పటికే వచ్చినవాళ్ళ మెదళ్ళను స్కాన్ చేసి చూస్తే, కోడ్ చదివేటప్పుడు ప్రధానంగా పనిచేసింది భాషకు సంబంధించిన భాగాలు కాదని తేలింది. లెక్కలు, చిక్కు ప్రశ్నలు వంటి రకరకాల కష్టమైన పనులకు పూనుకునే వ్యవస్థే అక్కడా ముందుకొచ్చింది. మొదటిది నేర్చుకోవడం గురించి, రెండోది నేర్చుకున్నాక చదవడం గురించి, కనుక ఒకదానితో మరొకటి కొట్టేయడానికి లేదు. ప్రోగ్రామింగ్ అచ్చంగా గణితమనీ, అచ్చంగా భాష అనీ తేల్చేసే హక్కు ఎవరికీ ఇంకా రాలేదన్నంత వరకే నేను వీటి నుంచి తీసుకుంటున్నాను. మంచి ప్రోగ్రామర్‌కు గణితం మీద మొగ్గుతో పాటు మాతృభాష మీద గట్టి పట్టు ఉండాలని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1975లోనే రాశాడు. మన దగ్గర ఆ మాటలోని మొదటి సగాన్నే అడ్మిషన్ల దగ్గర పట్టుకున్నారు.

యేల్ విశ్వవిద్యాలయంలో ఎలియట్ సోలోవే 1980లలో ప్రచారంలోకి తెచ్చిన వర్షపాతం ప్రశ్న నాకు ఇంకా పనికొచ్చింది. సంఖ్యలు ఒక్కొక్కటిగా చదువుతూ పోవాలి, 99999 రాగానే ఆగాలి, అంతవరకు వచ్చినవాటి సగటు చెప్పాలి. ఇందులో ఉన్న గణితం ఐదో తరగతి దాటదు. అయినా దీని దగ్గర తడబడిన విద్యార్థులు ఎన్నో దేశాల్లో కనబడ్డారు. ప్రధాన సంఖ్య ప్రోగ్రామును గుక్క తిప్పుకోకుండా బోర్డు మీద రాసే కుర్రాడికి దీన్ని ఇచ్చాను. అతడు 99999ని కూడా వర్షపాతంలో కలిపేశాడు. దాన్ని దిద్దాక, మొదటి సంఖ్యే 99999 అయితే ఏమవుతుందని అడిగితే, సున్నాతో భాగించాల్సి వస్తుందని అతడికి అప్పుడు స్ఫురించింది. ప్రధాన సంఖ్య ప్రోగ్రాములో సంఖ్యలో సగం దాకానే ఎందుకు భాగించి చూస్తున్నావని అడిగాను. "అలాగే ఉంటుంది సార్" అన్నాడు. పరీక్షల్లో, ఇంటర్వ్యూల్లో మళ్ళీ మళ్ళీ అవే పది ప్రశ్నలు వస్తాయి కనుక అవి కంఠస్థమవుతాయి, కంఠస్థమైనది వచ్చినట్టే కనబడుతుంది. ఉద్యోగాల పరీక్షల్లో అవి అడుగుతున్నంత కాలం నేర్పక తప్పదు, నేనూ నేర్పుతున్నాను. కానీ మూడో నెలలో నేర్పుతున్నాను.

వికటకవి

అలాంటి అభ్యాసాల్లో నేను మొదటి నెలలోనే ఉంచినది ఒక్కటి, పాలిండ్రోమ్, అంటే ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకేలా ఉండేది. సంఖ్యలను పక్కన పెట్టి తెలుగు మాటలతో చేయిస్తున్నాను. మా అక్క కూతురు మాటను తిరగేసి అసలు మాటతో పోల్చే ప్రోగ్రామును నాలుగు వరుసల్లో రాసి, జలజ, నటన, కనక ఇచ్చి చూసింది. మూడూ అవునన్నాయి. వికటకవి ఇస్తే కాదంది. తెనాలి రామకృష్ణుడి బిరుదును కాదంటోందని ఆమె నవ్వింది గాని, వెంటనే తిరగేసిన మాటను అచ్చువేసి చూసింది. గుడి విడిపోయి ముందు నిలబడింది, మధ్యలో క వచ్చి కి అయింది. కంప్యూటరు వి అన్న అక్షరాన్ని వ, గుడి అని రెండు ముక్కలుగా దాచుకుంటుందని అప్పుడు తెలిసింది. మనం ఐదు అక్షరాలనుకునే ఆ మాట దానికి ఏడు.

గుణింతపు గుర్తును ముందున్న హల్లుతో కలిపి ఒక్కటిగా పట్టుకునేలా మార్చింది. వికటకవి అవునంది, పులుపు అవునంది. తెలుగు పండితురాలిగా పదవీ విరమణ చేసిన మా అమ్మను కూర్చోబెట్టుకుని ఇంకా మాటలు అడిగింది. అమ్మ ముత్యము అంది. ప్రోగ్రాము కాదంది. త్య అన్న సంయుక్తాక్షరాన్ని అది రెండుగా విరగ్గొట్టి తిరగేసింది. పొల్లు కనబడితే తర్వాతి హల్లును కూడా కలుపుకోవాలన్న నియమం రాయడానికి ఆమెకు రెండు సాయంత్రాలు పట్టింది. ఆ రెండు సాయంత్రాల్లో ఒక్కసారి కూడా తనకు లెక్కలు రావని అనలేదు. నిజానికి ఆ ప్రోగ్రాములో ఆమె సూచికలు, అంటే అక్షరాల స్థానాల సంఖ్యలు, లెక్కపెట్టింది, ఒకటి ఎక్కువైతే ఒకటి తగ్గించింది, చివరి అక్షరం దగ్గర హద్దు దాటకుండా చూసుకుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్యలో కంటే ఇందులో ఆమె చేసిన గణితమే ఎక్కువ.

నిన్న రాత్రి మెసేజ్ పెట్టింది. "మామయ్యా, అమ్మమ్మ కిటికీ కూడా వేసి చూడమంది. చివరి కీ దీర్ఘం కదా, మొదటి కి హ్రస్వం. దీన్ని అవుననాలా, కాదనాలా?"

అమ్మనే అడగమన్నాను. వాళ్ళిద్దరూ ఇంకా తేల్చుకోలేదు.